సెంట్ల లెక్క

"ఒక్కో రాయి ఇరవై సెంట్లండీ. రెండూ కలిపి నలభై" అన్నాడు కొట్లో కుర్రాడు.

అమ్మ ఉలిక్కిపడి నా వంక చూసింది. "నలభై సెంట్లా? ఎక్కడ?" అంది.

నాకు నవ్వొచ్చింది. వంద సెంట్లు ఒక ఎకరమని పుట్టినప్పటినుంచీ తెలిసిన మనిషికి వంద సెంట్లు ఒక క్యారెట్ అని ఎవరు చెప్తారు? క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. అమ్మకి తెలిసిన సెంటులో రెండు గేదెల్ని కట్టెయ్యొచ్చు. ఈ సెంటు గోటి మీద పెడితే కనపడదు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ రోజు బందరులో ఆ కొట్టు మెట్లెక్కింది సెంట్లకి సెంట్లు మార్చుకోవడానికే.

నాన్న పోయి రెండేళ్ళయింది. దివిసీమలో కోడూరు దగ్గర ఆయన తన కష్టంతో కొన్న పొలం ఎకరం ఎనభై సెంట్లు. వీలునామా ఏమీ రాయలేదు. రొయ్యల చెరువు తవ్వుకునేవాళ్ళెవరో బేరానికి వచ్చారు. గుడివాడలో ఉండే అన్నయ్యకి అప్పులున్నాయి. అందులో కొన్ని నాన్న ఆస్పత్రి ఖర్చుల కోసం చేసినవే, ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రాత్రిళ్ళు ఆస్పత్రి వరండాలో పడుకున్నది వాడు. నేను సెలవు దొరికినప్పుడు వెళ్ళి పళ్ళు కోసి పెట్టి వచ్చాను. ఇప్పుడు ఆ పొలం అమ్మాలంటే కొనేవాళ్ళు హక్కు విడుదల దస్తావేజు అడుగుతున్నారు. దాని మీద నా సంతకం కావాలి.

వదిన ఫోన్ చేసింది. "నువ్వు ఊరికే పెట్టక్కర్లేదు. నీకు చిన్నప్పట్నుంచీ రవ్వల దుద్దులంటే ప్రాణం కదా. నీకు నచ్చినవి చూసుకో. బిల్లు మీ అన్నయ్య కడతాడు" అంది. ఆ గొంతులో కపటమేమీ లేదు. వాళ్ళ పుట్టింట్లో ఆమెకి అదీ ఇవ్వలేదు.

వదిన చెప్పింది నిజమే. నాకు రవ్వల దుద్దులంటే ఇష్టం. ఈ పత్రికలో ఆ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఆభరణాల గురించీ అణచివేత గురించీ తరగతిలో గంటసేపు చెప్పి బయటికొచ్చి, బస్టాండులో పక్కనావిడ చెవుల వంక చూస్తూ నిలబడే మనిషిని నేను. ఇష్టానికి సిద్ధాంతం ఇంకా దొరకలేదు.

ఆ ఇష్టం నాయనమ్మ చెవుల దగ్గర మొదలైంది. తమాషా ఏమిటంటే ఆ చెవులకి దుద్దులుండగా నేనెప్పుడూ చూడలేదు. సాగిపోయిన తమ్మెలూ, ఆ కంతల్లో రెండు వేపపుల్లలూ, అంతే. "పూడుకుపోకుండా పెట్టుకున్నానే. ఎప్పుడైనా కొనుక్కుంటాగా" అనేది. ఎనభై దాటాక కూడా ఆ 'ఎప్పుడైనా' మీద ఆవిడకి నమ్మకం పోలేదు.

నాయనమ్మది గుడివాడ పక్క పల్లె. పెళ్ళప్పుడు అన్నదమ్ములకి మాగాణి, ఆవిడకి ఏడురాళ్ళ కమ్మలు. ఆడపిల్లకి భూమి ఇవ్వలేదన్న లోటు కనపడకుండా ఆ రాళ్ళు మెరిసేవట. "అవి బ్లూ జాగర్లే అమ్మాయ్, నీలం దూసుకొచ్చేది" అని చెప్పేది. ఆ మాట దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ అనే గని పేరు నుంచి వచ్చిందని చాలా ఏళ్ళకి తెలుసుకున్నాను. కృష్ణ ఒడ్డున పరిటాలలో, కొల్లూరులో దొరికిన వజ్రాలు దేశాలు దాటి పోయాయి. కృష్ణ చివరన కాపరానికొచ్చిన మా నాయనమ్మ చెవికి ఆఫ్రికా గని పేరు మిగిలింది.

1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి ఆవిడ తాటిచెట్టుని కరుచుకుని తెల్లవార్లూ ఉంది. దివిసీమలో పదివేలమందికి పైగా పోయిన రాత్రి అది. గేదెలు పోయాయి, ఇల్లు పోయింది, గాదె పోయింది. చెవులకి మరలు బిగించి ఉన్న కమ్మలు మాత్రం పోలేదు. తర్వాత ఉప్పు పట్టిన పొలం మళ్ళీ చెయ్యాలంటే పెట్టుబడి కావాలి కదా. తాతయ్య ఆ కమ్మలు పట్టుకుని గుడివాడ వెళ్ళాడు. షావుకారు వెనకవైపు మూసి ఉన్న కట్టడం విప్పి చూశాడు. మూసి కట్టిన రాయిలో లోపం పైకి తెలియదు, విప్పితే తెలుస్తుంది. రెండు రాళ్ళు పగిలి ఉన్నాయన్నాడు, మిగిలినవి నలుపు తిరిగాయన్నాడు. బంగారం తూకం కట్టి, రాళ్ళకి ఏదో దయగా ఇంత ఇచ్చాడు. అదే పెళ్ళిలో అన్నదమ్ములకి వచ్చిన మాగాణి ఇప్పటికీ పండుతోంది. నాయనమ్మ వాటా ఒక మధ్యాహ్నంలో ఖర్చయిపోయింది. ఈ కథ ఆవిడ షావుకారు మీద కోపంతో చెప్పేది. పుట్టింటివాళ్ళ మీద కోపంతో ఒక్కసారీ చెప్పలేదు.

మళ్ళీ కొట్లోకి వస్తాను. కుర్రాడు మంచివాడు, ఓపికగా చెప్పాడు. రాయికి నాలుగు చూడాలట: బరువు, రంగు, శుభ్రత, కోత. నలభై సెంట్ల ఒంటిరాయి ఖరీదు రెండు ఇరవై సెంట్ల రాళ్ళ ఖరీదు కంటే బాగా ఎక్కువ, ఎందుకంటే పెద్దరాయి అరుదు. అందుకే మధ్యతరగతి చెవులకి ఏడురాళ్ళు వచ్చాయి, చిన్నచిన్న రాళ్ళు గుంపుగా కూర్చుంటే దూరానికి పెద్దగా కనపడతాయి. బంగారం మీద ఉండే ఆరక్షరాల హాల్‌మార్కు గుర్తు బంగారానికే పూచీ, రాయికి వేరే సర్టిఫికెట్ అడగాలి. ఇవన్నీ నేను శ్రద్ధగా పుస్తకంలో రాసుకున్నాను. పరిశోధక విద్యార్థి బుద్ధి ఎక్కడికి పోతుంది!

భూతద్దం నా చేతికిచ్చాడు. రాయి లోపల చిన్న గీతలు. మన పాత రత్నశాస్త్రాల్లో వజ్రానికి 'కాకపాదం' అని ఒక దోషం చెప్తారు, కాకి కాలిముద్రలాంటి మచ్చ. ఆ శాస్త్రాలు వజ్రాలకి కులాలు కూడా పంచాయి, తెల్లది బ్రాహ్మణ వజ్రమట, నల్లది శూద్ర వజ్రమట. రసరత్నసముచ్చయం ఇంకో అడుగు ముందుకేసి వజ్రాల్లో ఆడ, మగ, నపుంసక అని మూడు జాతులు చేసి, మగ వజ్రమే శ్రేష్ఠమని తేల్చింది. బొగ్గు జాతి రాయిని కూడా వదల్లేదు మహానుభావులు.

వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో దిగింది మా బందరు రేవులోనే. కొల్లూరు గనిలో అరవై వేలమంది దాకా పనిచేస్తున్నారనీ, మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారనీ రాశాడు. రాళ్ళ బరువుల గురించీ బేరాల గురించీ పేజీలకి పేజీలు రాసిన మనిషి ఆ ఆడవాళ్ళకి ఇచ్చింది అంతే చోటు. మోసినవాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళకింద ఉంది.

కుర్రాడు ఇంకో పెట్టె తీశాడు. "ఇవి ల్యాబ్‌వి మేడమ్. చాలా చవక."

"అంటే చిలకలపూడి వజ్రాలా?" అంది అమ్మ.

కుర్రాడికి నవ్వాగలేదు. బందరువాళ్ళకి ఆ మాట విడమరచక్కర్లేదు. ఊళ్ళోనే ఉన్న చిలకలపూడిలో తయారయ్యే రోల్డుగోల్డు నగలు దేశమంతా వెళ్తాయి. అమ్మ చెవులకున్నవీ అవే. మా పిన్ని వాళ్ళ వీధిలో ఆడవాళ్ళు మధ్యాహ్నంపూట గడపలో కూర్చుని రాళ్ళు అతుకుతూ కనపడతారు. "కాదండీ, ఇవి నిజం వజ్రాలే. భూమిలో కాకుండా మిషన్లో పెరిగాయి" అన్నాడు కుర్రాడు. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "తేడా తెలియనప్పుడు ధరెందుకు తేడా?" అంది. దానికి వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

చివరికి ఒక జత నచ్చింది. ఒంటిరాయి, పద్ధెనిమిది క్యారెట్ల బంగారం, వెనక తెరిచి ఉన్న కట్టడం. అద్దంలో చూసుకుంటే నా మొహం నాకే బాగుంది. అబద్ధం చెప్పను, ఆ నిమిషంలో సంతకం చేసేసి ఉండేదాన్ని. మజూరీ, పన్ను కలిపి లక్షకి కొంచెం ఇటుగా చెప్పాడు. అన్నయ్య చెప్పిన బేరం ప్రకారం నా వాటా పొలం దానికి ఏడెనిమిది రెట్లు.

"అవసరమొస్తే వీటిమీద అప్పిస్తారా?" అని అడిగాను.

"బ్యాంకులో అయితే బంగారం బరువుకే ఇస్తారండీ. రాళ్ళు తీసేసి లెక్క కడతారు."

గుడివాడ షావుకారు గొంతు అది. ఇన్నేళ్ళలో తేడా ఏమిటంటే ఇప్పుడు ముందే మర్యాదగా చెప్తున్నారు.

నేను దుద్దులు తీస్తుంటే అమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు, ఓసారి పెట్టుకుంటా." చిలకలపూడి దుద్దులు తీసి కౌంటరు మీద పెట్టి, వీటిని పెట్టుకుని అద్దం దగ్గరికి వంగింది. చాలాసేపు చూసుకుంది. తర్వాత మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు అంది: "నన్నెవరూ అడగలేదే అమ్మాయ్, దుద్దులు కావాలా అని. కాయితాలు తెచ్చి ఇక్కడ పెట్టు అన్నాడు వాడు. పెట్టాను."

నాకు నోట మాట రాలేదు. చట్టం నాకు తెలుసు. 1956 వారసత్వ చట్టం ప్రకారం నాన్న స్వార్జితం అమ్మకీ అన్నయ్యకీ నాకూ సమానం, తలా అరవై సెంట్లు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళ హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉందని సెమినార్లలో గొప్పగా చెప్పినదాన్ని. అయినా ఈ రెండు నెలలూ నా మనసులో లెక్క అన్నయ్యకీ నాకూ మధ్యే నడిచింది. ఆ పొలంలో పాతికేళ్ళు నాట్లకి వంగిన మనిషి వాటా నాకు ఒక్కసారైనా గుర్తు రాలేదు. అన్నయ్య అడక్కుండా తీసుకున్నాడు. నేను అడక్కుండా వదిలేశాను.

దుద్దులు కొనలేదు. కుర్రాడు అంచనా చీటీ రాసిచ్చాడు, అమ్మ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చాక అడిగింది, "నేను పెట్టిన సంతకం చెల్లిపోయినట్టేనా?" రిజిస్టరు ఆఫీసుకి వెళ్ళలేదు కాబట్టి ఇంకా చెల్లలేదని చెప్పాను. "అయితే వాడితో మాట్లాడదాం. అప్పు తీరాలిగా మరి. ఎంత అమ్మాలో, ఎవరిది అమ్మాలో కూర్చుని చూద్దాం" అంది. నేను అన్నయ్యకి ఫోన్ చేసి సంతకం ఇప్పుడు పెట్టనని చెప్పాను. వాడు కోప్పడలేదు. "చదువుకున్నదానివి" అన్నాడు. అది కోపం కంటే ఎక్కువ తగిలింది.

తర్వాత ఆదివారం ఇద్దరం చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వంతెన దాటి కోడూరు వైపు వెళ్ళాం. చుట్టూ చెరువులే, మధ్యలో మా చేను. అరవై సెంట్లంటే ఎంత మేర ఉంటుందో నాకు నిజంగా తెలియదు. ఆ మాటే అడిగాను.

అమ్మ చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగింది. "ఈ బోదె దగ్గర్నుంచి అదుగో, ఆ రెండో తాటిచెట్టు దాకా నాది అనుకో" అని వేలు చూపించింది. "నీది అవతల. అక్కడ కాస్త పల్లం, నీళ్ళు నిలుస్తాయి. నాట్లు ఆలస్యంగా వెయ్యాలి."