తోకబండి

మా తమ్ముడు కొన్న వస్తువును తెలుగులో ఏమనాలన్నది మా యింట్లో నాలుగు రోజులు నలిగింది. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గదా, ఆ భారం నా మీదే పడింది. ట్రైలరు అంటే సరిపోయేదే గాని, మా పిల్లలకు ట్రైలరంటే సినిమా విడుదలకు ముందు చూపించే ముక్క. "అనుబంధ శకటం" అన్నాను. మా ఆవిడ విన్నట్టు కూడా కనిపించలేదు. ట్రాక్టరు వెనక ఉండేదాన్ని మా దుమ్ముగూడెంలో తొట్టి అంటారు. ఇది అంతకంటె బాగా చిన్నది, రెండే చక్రాలు. అమ్మ వీధరుగు మీద కూర్చుని దానికేసి ఒక్కసారి చూసి, "ఏంట్రా, తోకబండా?" అంది. ఆ పేరే ఖాయమైంది.

తమ్ముడి కాపురం భద్రాచలంలో. వాడికో వాను వుంది. కాగితాలన్నీ సరిచేయించుకుని అందులో రెండు పడకబల్లలు, గ్యాసుపొయ్యి, నీళ్ళ పీపా అమర్చుకొన్నాడు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ మకాం. అయితే మనుషులు పడుకుంటే సామానుకు చోటుండదు, సామాను పెడితే మనుషులు నిలబడాలి. అందుకే ఈ తోక. చట్టం దృష్టిలో తోకా ఒక వాహనమేనట. దానికీ వేరే రిజిస్ట్రేషను, నెంబరు, వెనకదీపాలూ వుండాలి.

సరదాకి కొన్నాడనుకొంటారేమో. మాది గోదావరి ఒడ్డు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండవది, 53 అయితే మూడవది. మా వైపు పిల్లలకు రెండో ఎక్కం కంటె ముందు ఈ మూడంకెలే నోటికి వస్తాయి. 1986 ఆగస్టు 16న ఆ మట్టం 75.6 అడుగులకు పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్న ఎడ్లబండి కట్టించారు. బియ్యం బస్తాలు, విత్తనాలు, పిల్లలం ఎక్కేసరికి చోటు అయిపోయింది. ఫొటోలున్న ట్రంకుపెట్టెను అటకెక్కించి, "నీళ్ళు ఇందాకా రావులే" అన్నారు. వచ్చాయి. ఈనాడు మా నాయనమ్మ ముఖం ఎలా వుండేదో చెప్పడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. పిల్లలడిగితే, "మీ అత్తను చూడండి, అదే ముక్కు" అంటుంది. మిగతా ముఖం సంగతి చెప్పలేక ఊరుకుంటుంది.

అంచేత 2022 జులైలో వానలు పట్టుకుని, రెండో హెచ్చరిక వినబడగానే, తమ్ముడు వానుకు తోక తగిలించుకుని బయలుదేరాడు. నేను ఖమ్మం నుంచి వచ్చి వాణ్ణి భద్రాచలంలో కలుసుకున్నాను. 2014 తర్వాత ఆ దారి ఒక విచిత్రం. భద్రాచలం తెలంగాణ, దుమ్ముగూడెం తెలంగాణ, మధ్యలో ఏటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్. గోదావరికి మాత్రం ఈ లెక్కలు పట్టవు. తూరుబాక దగ్గర రోడ్డు మునిగితే ఏ రాష్ట్రంలో వున్నవాడైనా ఆగిపోవలసిందే.

మేము వెళ్ళేసరికి అమ్మ సామాను వరండాలో పేర్చి వుంచింది. అన్నిటికంటె ముందు నాన్న ఫొటో, దస్తావేజులు, మా పెళ్ళి ఆల్బములు చుట్టి కట్టిన రగ్గు మూట. అది తోకబండిలో పెట్టడానికి వీల్లేదు, తన ఒళ్ళోనే వుండాలి. తర్వాత బియ్యం, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీ, పరుపులు, కుర్చీలు. చివర్న తిరగలి.

"అమ్మా, రాయి కొట్టుకుపోదే!" అన్నాడు తమ్ముడు.

"కొట్టుకుపోదు. బురదలో కూరుకుపోతుంది. తవ్వి తీయడానికి మీరుంటారా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబులుండవు. తమ్ముడు కాసేపు తిరగలికేసి, తోకబండికేసి చూసి, ఎందుకో మొహం విప్పార్చుకున్నాడు.

సంగతేమిటంటే, తోకబండిలో బరువెంతన్నది ఒక ఎత్తు, ఎక్కడన్నది మరో ఎత్తు. మొత్తం బరువులో పదో వంతో, అంతకు కొంచెం ఎక్కువో వాను కొక్కెం మీద ఆనాలి. అంటే బరువైనవి ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక బరువైతే తోక ముందుభాగం పైకి లేచి, వాను వెనక చక్రాల పట్టు తగ్గిస్తుంది; వేగం పెంచామా, కుక్కతోకలా అటూయిటూ ఊగి వానునే రోడ్డు కిందికి ఈడుస్తుంది. ఇది ఎడ్లబండి తోలినవాడికి కొత్త సంగతి కాదు. వెనక బరువైతే కాడి లేచి పలుపులు ఎడ్ల మెడకు బిగుస్తాయి. ముందు బరువైతే మెడలు వంగిపోతాయి. నాన్న బస్తాలు సర్దాక కాడిని చేత్తో ఎత్తి చూసేవారు. తమ్ముడూ అలాగే కొక్కెం దగ్గర ఎత్తి చూశాడు. పరుపులూ కుర్చీలూ వెనక్కిపోయి తోక తేలుతోంది. తిరగలి రెండు రాళ్ళనూ గోనెపట్టాలో చుట్టి ఇరుసుకు ముందు పెట్టి తాళ్ళతో బిగించాడు. కొక్కెం చక్కగా దిగింది. అమ్మ మాతో ఏమీ అనలేదు గాని, పక్కింటావిడతో అనడం వినబడింది.

కొక్కేనికి చీల పెట్టి, అది ఊడినా బండి విడిపోకుండా అడ్డంగా గొలుసులు తగిలించాము. ఇక బయలుదేరడమే అనుకుంటే, ఇంటి ముందు సందులో వెనక్కి తీయాలి. తోకబండిని వెనక్కి నడపడం లోకవిరుద్ధమైన విద్య. తోక కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. తమ్ముడు తిప్పుతున్నాడు, వీధి వీధంతా సలహా చెబుతోంది. అరగంట పట్టింది.

అసలు బరువులు ఎగువకు చేర్చాలన్న తాపత్రయం మా ఊరికి పాతదే. గోదావరిలో మధ్య భారతం దాకా సరుకుల పడవలు నడపాలని కాటన్ దొర పట్టుపడితే, మా దగ్గర రాతిబండల ఆటంకం తప్పించడానికి ఆనకట్ట కట్టి, కాలువా, లాకులూ పెట్టారు. 1871లో ఆ పథకాన్నే మానుకొన్నారు. ఆనకట్ట మిగిలింది.

తూరుబాక ఇంకా మునగలేదు. గంటకు నలభై కిలోమీటర్లు మించకుండా, ముందు బండికి రెట్టింపు ఎడం వుంచుతూ వంతెన దాటి పాల్వంచ చేరాము. తర్వాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 16వ తేదీకి నీళ్ళు 71.3 అడుగులు. స్నేహితుడి ఆవరణలో తొమ్మిది రోజులున్నాము. అమ్మకూ మరదలికీ వానులో పడక. మాకు పరదా కప్పిన తోకబండి కింద, గాలి వీచినవైపు కాళ్ళు. పర్ణశాలలో సీతమ్మవారి నారచీరల చోటు మునిగిందని ఎవరో చెబితే అమ్మ చేతులు జోడించి, "మన గుమ్మం సంగతేమైనా చెప్పారా?" అని అడిగింది.

గుమ్మం నిలిచింది. గోడకు నడుమెత్తున బురద గీత. అమ్మ ఆ గీతకు సున్నం వేయనివ్వలేదు.

అప్పటినుంచి ఏటా జ్యేష్ఠమాసంలో తోకబండి టైర్లకు గాలి పెట్టించి, చీలకు కందెన రాయించడం అమ్మ పని. మొన్న ఫోను చేసి, పక్కింటావిడ కుట్టుమిషను కూడా పడుతుందా అని అడిగింది. ఆవిడకు అదే జీవనాధారం. పడుతుంది గాని ఎత్తుగా వుంటుంది, పడుకోబెట్టి కట్టాలన్నాను.

"అది కాదురా. తిరగలికి ముందా, వెనకా?"