నిమ్మలకుంట మేకతోలు

ధర్మవరం అంటే అందరికీ పట్టుచీరే. ఆ పక్కనే ఉన్న నిమ్మలకుంటకు నేను వెళ్ళింది మాత్రం తోలుబొమ్మలాటకు బొమ్మలు చేసే మేకతోలు కోసం. ఊళ్ళోకి అడుగుపెట్టేసరికే ఎండ బాగా ఎక్కింది. ఒక ఇంటి ముందు తోళ్ళు లాగి కట్టి ఆరబెట్టారు. నీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, కొవ్వు తీసేసిన తోళ్ళు. ఆరేకొద్దీ తేటపడి, వెనక చెయ్యి పెడితే వేళ్ళు లెక్కపెట్టగలిగినంత పలచనవుతాయి. ఈ ఎండే వాళ్ళకు సగం పనిముట్టు.

ఏ వస్తువును దేనితో చేస్తారు, ఎందుకు దానితోనే చేస్తారు అన్నది నాకు వాద్యాల దగ్గర మొదలైన ఆసక్తి. మౌత్ ఆర్గాన్‌నే తీసుకోండి. పది రంధ్రాలు, ఇరవై రీడ్లు, వాటి నడుమ గాలికి దారులు చెక్కిన పలక ఒకటి. జర్మనీలోని హోనర్ కంపెనీ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్‌లో ఆ పలక పియర్ చెక్కతో చేసింది. వాయించేవాళ్ళ నోటి తడికి చెక్క ఉబ్బేది. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ఇప్పుడు మక్కువ ఉన్నవాళ్ళు ఇత్తడితో, అల్యూమినియంతో, అక్రిలిక్‌తో, అరుదైన కలపతో ఆ పలకను ప్రత్యేకంగా చేయించుకుంటున్నారు. దానివల్ల నాదం మారుతుందా లేదా అన్న వాదన మాత్రం తెగడం లేదు. పలక చదునుగా ఉండి గాలి పక్కకు పోకపోతే చాలు, దేనితో చేసినా ఒకటే అనేవాళ్ళ మాటే నాకు సబబుగా తోస్తుంది. నిమ్మలకుంటలో ఆ మాట చెల్లదు. ఇక్కడ తోలు తీసేస్తే పనే లేదు.

వసారాలో ఒక పెద్దామె హనుమంతుడి కిరీటానికి చిల్లులు వేస్తోంది. కింద కొయ్య దిమ్మ, దానిమీద తోలు, ఎడమచేతిలో సన్న ఉలి, కుడిచేతిలో సుత్తి. ఒక్కో చిల్లుకు ఒకటే దెబ్బ. ఉలి కొద్దిగా తిప్పి మళ్ళీ కొడితే గుండ్రటి చిల్లు పక్కన నెలవంక, దాని పక్కన పూరేకు. వేలెడంత మేరలోనే ఎన్ని చిల్లులో! చిల్లుకీ చిల్లుకీ మధ్య మిగిలిన తోలు నూలుపోగంత ఉందంతే. అయినా చిరగలేదు. “తోలు కాబట్టి పట్టుకుంటాది సార్, వేరేదైతే ఈపాటికి పీలికలే” అందామె తలెత్తకుండానే.

ఆ చిల్లులే నగలు. కిరీటం, హారం, వడ్డాణం రంగుతో కాదు, వెలుగుతో మెరవాలి. తోలుకు రెండువైపులా రంగు వేస్తారు. వెనక దీపం పెట్టగానే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తెరమీదికి దిగుతాయి, చిల్లుల్లోంచి తెల్లటి వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాలను చూసినవాళ్ళకు ఈ ముఖాలు, ఈ కొనదేరిన కళ్ళు, చీర అంచులు కొత్తగా అనిపించవు.

పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. భీముడు, రావణుడి వంటి బలశాలులకు దుప్పి తోలు. మిగతా పాత్రలకు మేకతోలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింక, దుప్పి పోయాయి, అందరికీ మేకే మిగిలింది. అది ఈ నేలకు తగిన తోలే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో నెట్టుకొచ్చే చోట వేరుశనగ మాడిపోయిన ఏడు కూడా మేక కంపచెట్ల మీద బతుకుతుంది. మామూలు బొమ్మకు ఒక తోలు సరిపోతుంది. రావణుడికి నాలుగన్నా కావాలి: ఒంటికొకటి, కాళ్ళకొకటి, అటు అయిదు చేతులకొకటి, ఇటు అయిదు చేతులకొకటి.

ఈ బొమ్మలు చేసి ఆడించే కుటుంబాలది ఇంట్లో మరాఠీ, ఆటలో తెలుగు. రామాయణ భారత కథలు, నడుమ నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క. తెరవెనక హార్మోనియం, మద్దెల, తాళాలు, గజ్జెలు. యుద్ధం వస్తే కాళ్ళకింద చెక్కలు దడదడలాడాలి. వానలు మొహం చాటేసినప్పుడు విరాటపర్వం ఆడించడం మన పల్లెల్లో పాత నమ్మకం. ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది.

అయితే ఇప్పుడు ఆ ఇళ్ళలో ఎక్కువగా తయారవుతున్నవి లాంప్ షేడ్లు. ఇనుప చట్రానికి తడి తోలు బిగించి కుట్టి, ఆరాక బొమ్మ గీసి రంగు వేస్తారు. కొనేవాళ్ళు ఏది అడిగితే అది: ఏనుగులు, నెమళ్ళు, బుద్ధుడు, గోడకు తగిలించుకునే చెట్టు, తలుపు మీద ఇంటిపేరు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఈ గిరాకీ వల్లే ఆ పెద్దామె చేతిలో ఉలి ఉంది, పక్కన కూర్చున్న పిల్ల రంగులు కలపడం నేర్చుకుంటోంది.

నా బెంగ వేరే చోట ఉంది. అదే ఇంట్లో ఒకాయన దూలానికి వేలాడుతున్న పాత రాముణ్ణి దించి చూపించాడు. భుజం దగ్గర ఒక ముడి, మోచేతి దగ్గర ఇంకో ముడి. నడుమ నిలువునా చీల్చిన వెదురుబద్ద. బద్దను కొద్దిగా వంచగానే రాముడు తల వాల్చాడు, చేతికి కట్టిన పుల్ల ఎత్తగానే విల్లెత్తాడు. ముడి బిగిస్తే చెయ్యి కొయ్యబారుతుంది, వదులైతే వేలాడిపోతుంది. ఎంత బిగించాలన్నది ఆడించిన చేతికే తెలుస్తుంది. లాంప్ షేడుకు కీళ్ళు అక్కర్లేదు. చిల్లులు వేసే విద్యకు అది అన్నం పెడుతుంది, కీలు కట్టే విద్యకు పెట్టలేదు. ఆట ఉంటేనే అది నిలుస్తుంది. “దీపాలకు ఆర్డర్లు వస్తాయి సార్, ఆటకే పిలిచేవాళ్ళు తక్కువ” అన్నాడాయన రాముణ్ణి మళ్ళీ దూలానికి తగిలిస్తూ.

ధర్మవరం చీరలకు వెళ్ళేవాళ్ళు నిమ్మలకుంట దాకా వెళ్ళండి. నచ్చిన దీపం కొనండి, బేరమాడకండి. కొన్నాక మీ ఊరి జాతరకో, మీ పిల్లల బడి పండక్కో ఒక రాత్రి ఆటకు రమ్మని బయానా కూడా ఇచ్చి రండి.