హనోయిలో వరస కలపడం

హనోయి పాతపేటలో నాలుగు వీధులు తిరిగితే నాలుగు వియత్నామీ మాటలు వాటంతట అవే వస్తాయి. 'హాంగ్' అంటే సరుకు. హాంగ్ దువాంగ్ పంచదార వీధి. ఇప్పటికీ అక్కడ పంచదారలో ఊరవేసిన పళ్లు అమ్ముతారు. హాంగ్ బాక్ వెండి వీధి. అక్షరాలా, మనం చదవగలిగిన రోమను లిపే. పదిహేడవ శతాబ్దంలో యూరపు మతగురువులు కూర్చినది. వారిలో అలెగ్జాండర్ ద రోడ్స్ అనే ఫాదిరీ నిఘంటువు 1651లో రోములో అచ్చయింది. ఇంతేనా అనుకుంటాం. నోరు తెరిస్తేగాని అసలు సంగతి తెలియదు.

ఈ భాషకు స్వరాలు 6. వెండిని 'బాక్' అని గొంతు నొక్కిపట్టి అనాలి. అదే మాట గొంతెత్తి అంటే పెదనాన్న! నమస్కారానికి 'చావ్' అంటారు. మన చెవికి తిట్టులా ఉంటుంది, ఏం చేస్తాం! గొంతు దించి అంటే నమస్కారం, ఎత్తి అంటే బియ్యపు జావ.

స్వరాలు సాధన మీద ఏదో ఒక దారికి వస్తాయి. పెద్ద చిక్కు 'నేను', 'మీరు' అనే మాటల దగ్గర. పాఠ్యపుస్తకం 'నేను'కు 'తోయ్' అని నేర్పుతుంది. మర్యాదైన మాటే, కాని తోయ్ అన్నంతసేపూ గడప అవతల నిలబడ్డట్టే లెక్క. అంగట్లోనూ ఇరుగుపొరుగులోనూ వరస కలపాలి. కాస్త పెద్దవాడైతే 'ఆన్', అన్న, పెద్దదైతే 'చి', అక్క, చిన్నవారైతే 'ఎమ్'. తండ్రి అన్న బాక్, తమ్ముడు చూ. తల్లి తమ్ముడు కౌ, చెల్లెలు జీ. అంకుల్, ఆంటీలతో సరిపెట్టుకునే ఇంగ్లీషువాడు ఈ పట్టిక చూచి బెంబేలు పడతాడు. పెదనాన్న, బాబాయి, మేనమామ, పిన్ని అంటూ పెరిగిన మనకు భయమేమిటి? హో చి మిన్‌ను 'బాక్ హో' అనడంలోని చనువు మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే మనకు లేని మెలిక ఒకటుంది. ఎవరిని అక్కా అని పిలిచినా మనకు 'నేను' నేనే. అక్కడ 'నేను' కూడా మారిపోతుంది. "తమ్ముడు కాఫీ తాగుతాడు, అక్క ఇస్తుందా?" అన్నట్టు సాగుతుంది మాట. ఆ తమ్ముడే మరుక్షణం పక్కనున్న పిల్లవాడికి బాబాయి. అందుకే వయసు అడగడం అక్కడ తప్పు కాదు. అది తెలియనిదే వరస తేలదు. భార్యాభర్తలు 'ఎమ్', 'ఆన్' అనుకుంటారు. ఇల్లాలు తనను 'తోయ్' అనుకున్నదంటే ఆ పూట ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే!

కాలిబాట మీద పొట్టి పీటలు వేసి టీ అమ్మే ముసలమ్మలుంటారు. ఆమెను 'బా' అనండి, అంటే బామ్మ. మిమ్మల్ని మీరు 'చవ్' అనుకోండి, అంటే మనుమడు. గ్లాసు చేతికిచ్చి, "అన్ కమ్ చువా?" అంటుంది. అన్నం తిన్నావా అని. తిని ఉంటే 'జోయ్ ఆ' అనాలి. ఆ చివరి 'ఆ' అచ్చంగా మన 'అండీ'. ఆకలిగా ఉంటే మాత్రం మొహమాట పడక 'చువా ఆ' అనండి, ఇంకా లేదండీ అని.