అటక మీద గది

పిల్లలూ! మీ ఇంట్లో అటక ఉన్నదా? కంచిలిలో మా పెంకుటింటి అటక నిండా ఒకప్పుడు కొబ్బరికాయలుండేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా ఉద్దానం తోటలను కూల్చివేసింది. అటక ఖాళీ అయింది. దానిని చదువుకునే గదిగా మార్చుదామని నాన్నను అడిగాను.

వడ్రంగి తాత దూలాన్ని తట్టి చూచాడు. ఒకచోట డొల్లగా మోగింది. లోపల చెద!

"కాయల బరువు కదలదు, బాబూ! మనిషి బరువు కదులుతుంది. ముందు దూలం మార్చాలి," అన్నాడు తాత.

వేడిగాలి తేలికై పైకి చేరుతుంది గనక, ఎదురెదురు గోడలకు రెండు కిటికీలు పెట్టించాము. ఎత్తున్న చోటు నడవటానికి, కప్పు వాలిన చోటు పుస్తకాలకు. నిచ్చెన తీసి మెట్లు కట్టించాము.

నాన్న తిరిగి నాటిన కొబ్బరిచెట్లు ఇప్పుడు కాపుకు వచ్చాయి. ఇక కాయలెక్కడ దాచాలో మీరే చెప్పండి!