నెల మీద నాలుగు దినములు

ఈసారి ఒక కిరాయి గదిని గూర్చి వ్రాయుచున్నాము.

మా సంఘము గోదావరిఖనిలో ఉన్నది. మంథని వైపు పల్లెల్లో కూడా వారమునకొకసారి కూడికలు జరుగుతాయి. అందులో ఒక పల్లె సహోదరికి నిరుడు రొమ్ము క్యాన్సరు అని తేలింది. ఆపరేషను అయింది. మందు ఎక్కించడమూ అయింది. తరువాత కరెంటు పెట్టాలన్నారు. రేడియేషనుకు మన పల్లెల్లో ఉన్న పేరు అదే. "కరెంటు పుట్టే ఊరి పక్కన ఉండి, కరెంటు పెట్టించుకొనుటకు పట్నం పోవాలా అయ్యగారూ?" అని ఆ బాధలోనూ ఆమె నవ్వింది.

చికిత్స హైదరాబాదులో, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో. 1955 నుండి పేదవారు వెదుక్కొంటూ వెళ్లే ఆసుపత్రి అది. సోమవారము నుండి శుక్రవారము వరకు రోజుకొకసారి, మొత్తము ఇరవై అయిదు సార్లు పెట్టాలని డాక్టరుగారు చెప్పారు. మిషను క్రింద పడుకొనేది కొద్ది నిమిషములే. నడవగలిగినవారు బయట ఉండి వచ్చిపోవచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల చికిత్సకు పైసలు కట్టే పని లేదు. కాని బయట ఉండుట ఎక్కడ? మా ఊరి నుండి పట్నము రెండువందల కిలోమీటర్లకు పైమాటే. రోజూ వచ్చిపోవుట కాని పని. శని, ఆదివారములు కలుపుకొంటే నెల మీద నాలుగు దినములు లెక్క తేలింది.

ఈ నెల మీద నాలుగు దినములే చిక్కు తెచ్చింది. లాడ్జికి అది చాలా ఎక్కువ, కిరాయి ఇంటికి చాలా తక్కువ. మేము అడిగిన లాడ్జిలో అన్నిటికంటె చవక గది రోజుకు ఆరువందలు. అంటే ఇరవై వేలు దాటుతుంది, తిండి వేరే. ఆ సహోదరునికి ఉన్నది ఎకరమున్నర పొలము. "గన్ని పైసలు నేనేడికెళ్లి తేవాలె అయ్యగారూ? ఇంటికి తోల్కపోత" అన్నాడు. ఆ మాటకు మాకు భయము వేసింది. చికిత్స సగములో మానివేసినవారిని మేము చూచియున్నాము, వారి సమాధి కూడికలూ జరిపించియున్నాము. కాబట్టి మేము దంపతులము ఇద్దరమూ భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గది వెదకుటకు వెళ్లాము.

టులెట్ బోర్డు కనబడిన ప్రతి గుమ్మము ఎక్కాము. మొదటి ఇంటివారు మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. నెలకు ఏడువేలు, రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు అన్నారు. ఈ పదకొండు ఎందుకో చాలామందికి తెలియదు. సంవత్సరమునకు మించిన కౌలు పత్రమును రిజిస్ట్రేషను చేయించాలని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు లేకుండ పదకొండు నెలలకు వ్రాసుకొంటారు. మాకు కావలసినది నెల చిల్లర అని చెప్పగానే ఆయన లేచి నిలుచున్నారు. మేమూ లేచాము. మధ్యవర్తి ఒకాయన గది చూపిస్తానన్నాడు గాని కమీషను ఒక నెల కిరాయి అడిగాడు. నెల ఉండుటకు నెల కిరాయి కమీషనా!

మరొక ఇంటిలో అన్నీ కుదిరినవి. వారానికింత అని ఇచ్చుటకు కూడా ఒప్పుకొన్నారు. చివర "పేషెంటుకు ఏమి జబ్బు?" అని అడిగారు. దాచలేదు. "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారండీ" అని తలుపు దగ్గరగా వేశారు. పాఠకులారా, క్యాన్సరు ఒకరి నుండి మరొకరికి అంటదు. బయట నుండి మిషనుతో పెట్టే కరెంటు ఒంటిలో నిలిచి ఉండదు, ఆ రోగి పసిబిడ్డను ఎత్తుకొనవచ్చు. ఈ సంగతి పట్నము చదువులవారికే తెలియనప్పుడు పల్లెలో మన ఇరుగుపొరుగుకు ఎవరు చెప్పాలి?

రెండవ దినము మధ్యాహ్నము ఆసుపత్రి దగ్గర టీ అమ్మే ఆమె మమ్ములను చూచి "రూమా?" అని తానే అడిగింది. ఏ గల్లీలో ఎవరు పేషెంట్లకు వారము లెక్కన ఇస్తారో అంతా ఆమెకు తెలుసు. ముందుగా ఆమెను అడిగియుంటే ఒక దినము కాళ్లనొప్పులు తప్పేవి. ఆమె పంపిన ఇల్లు ఒక పెద్ద వయసు ముసల్మాను అమ్మగారిది. మేడమీద రేకుల గది, ఒక మంచము, ఒక నల్లా. మెట్లు మాత్రము నిటారుగా ఉన్నవి. జబ్బు పేరు చెప్పాము. "మా ఆయనను గూడ ఆ దవాఖానకే తీస్కపోయినం" అన్నదామె. వారానికి పదిహేనువందలు. అడ్వాన్సు? "ఎన్ని దినాలుంటే అన్ని దినాల పైసలే ఇయ్యుండ్రి." వంటకు అయిదు కిలోల చిన్న సిలిండరు తెచ్చుకొమ్మన్నది. దానికి పట్నము చిరునామా అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు. మేము తిరుగు బండి ఎక్కునప్పటికి రాత్రి అయింది.

అయితే మేము అసలు వ్రాయవలసినది ఇక్కడనుండియే. బండిలో నిద్ర పట్టలేదు. షూనేమీయురాలు ఎలీషా కొరకు మేడమీద చిన్న గది కట్టించి మంచము, బల్ల, పీట, దీపము పెట్టిన సంగతి మేము ఎన్నోసార్లు ప్రసంగించియున్నాము. మా పాస్టరు ఇంటి పక్కనే అటువంటి గది ఒకటి ఉన్నది. బాయి పనివారైన మా సంఘస్థులు ఆదివారపు మధ్యాహ్నములు ఇటుక మోసి కట్టినది. రామగుండము ఎన్.టి.పి.సి.లో 1983 నుండి ఏడు యూనిట్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. యూనిటు ఆపి మరమ్మతు చేయునప్పుడల్లా బయటనుండి కాంట్రాక్టు పనివారు దిగుతారు. 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారము చోట కొత్తది కట్టినప్పుడు, అది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టువరకు, ఫిట్టర్లు, వెల్డర్లు గదులకు ఎంతంటే అంత ఇచ్చారు. మేమూ పుచ్చుకొన్నాము. అంతకు ముందటి సంవత్సరమే, భార్యను ఖనిలో ఆసుపత్రిలో చేర్చిన ఒక పల్లెటూరి మనిషి ఇరవై దినములకు ఆ గది అడిగాడు. "మూడు నెలలకు తక్కువైతే ఇవ్వము" అన్నాము. ఆ మాట మేమే అన్నాము, కమిటీ కాదు. అతడు ఎక్కడ పడుకొన్నాడో మాకు తెలియదు.

ఇంటికి వచ్చి కమిటీలో చెప్పాము. కోశాధికారిగారు ఊరుకోలేదు. "గుడి కప్పు అప్పు ఎవరు తీర్చాలె అయ్యగారూ?" అన్నారు. ఆయన మాటా తప్పు కాదు. రెండు సమావేశములు వాదించుకొన్న తరువాత, రోగుల వెంట వచ్చేవారికి దినమునకు అరవై రూపాయలు, కరెంటు బిల్లు వేరుగా లేదు, ఏ కులమని ఏ మతమని అడుగరాదు అని వ్రాసుకొన్నాము. కప్పు అప్పు ఇంకను ఉన్నది. గది ఖాళీగా ఉన్న వారములలో కోశాధికారిగారు మా వైపు ఒక చూపు చూస్తారు.

సహోదరికి ఇరవై అయిదు సార్లూ పూర్తి అయినవి. పరీక్షలకు మళ్లీ పట్నము వెళ్లునప్పుడు ఆ సహోదరుడు కొత్త బియ్యము పది కిలోల మూట భుజాన వేసుకొని ఆ నిటారు మెట్లు ఎక్కాడట. ఆ అమ్మగారు బియ్యము పుచ్చుకొన్నది. రెండు దినముల కిరాయి కూడా లెక్కపెట్టి పుచ్చుకొన్నది.