వెలుగు కొలత

లోకమున కంటిని మించిన సాక్షి లేదని సామాన్యముగా ననుకొందురు. చెవితో విన్నవానికంటె కంటితో చూచినవానికే యెల్లచోట్ల గౌరవ మెక్కువ. కాని వెలుగును కొలుచు విషయమున మాత్రము కంటివంటి పక్షపాతి మరియొకటి లేదు. మిట్టమధ్యాహ్నపు టెండలోనుండి వంటయింటిలోనికి పోయినపుడు క్షణకాలము చీకటియై, పిమ్మట పొయ్యి, కుండలు, మూలనున్న రోలు అన్నియు స్పష్టముగా కానవచ్చును. ఇంతలో వంటయింటిలో వెలుగు పెరిగినదా? లేదు. కంటిపాప విప్పారినది. ఉన్న వెలుగునకు తగినట్లు తన్ను తాను సర్దుకొని, ఎండకును నీడకును గల వ్యత్యాసమును మనకు తగ్గించి చూపుట కంటి స్వభావము. ఆ స్వభావము బ్రతుకుటకు మేలు, కొలుచుటకు కీడు. ఈ చిన్న సత్యమును మాకు సంస్కృత పాఠశాల చెప్పలేదు, ఇంగ్లీషు కళాశాల చెప్పలేదు. నలువదియేండ్లు దాటిన తరువాత నొక కొయ్యపెట్టె చెప్పినది.

ఆ కొయ్యపెట్టె పెద్ద ఫిల్ముతో చిత్రములు తీయు కెమెరా. నేడు ఎందరి చేతులలోనో సెల్ ఫోనులు, వానిలో కెమెరాలు కలవు. అవి వెలుగును తామే కొలిచి, తామే నిర్ణయించి, చిత్రమును క్షణములో చేతబెట్టును. మా పెట్టె యట్టిది కాదు. దాని ముందర కటకము, వెనుక గరుకుటద్దము, రెంటి నడుమ కమ్మరి కొలిమితిత్తివలె మడతలుపడిన సంచి. నల్లగుడ్డ తలపై కప్పుకొని చూచినచో అద్దముమీద లోకము తలక్రిందులుగా నగపడును. 4 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల పొడవు గల ఫిల్ము రేకులను చీకటిలో నరలోనికెక్కించి, యొక్కొక్క రేకుతో నొక్కొక్క చిత్రమే తీయవలెను. రేకు వెలయు తక్కువ కాదు. వెలుగెంతయో చెప్పు సాధనము పెట్టెలో లేదు. వేరొక మీటరు చేతబట్టుకొని కొలిచి, కటకపు రంధ్రమెంత తెరవవలెనో, ఎంతసేపు తెరచియుంచవలెనో మనమే నిర్ణయింపవలెను. బడిపంతుళ్లమైన మాకు, ప్రశ్న యెదుట నిలిచి సమాధానము పుస్తకము చివర లేకపోవుట క్రొత్త యనుభవము.

పూర్వుల కా మీటరు కూడ లేదు. సికిందరాబాదున చిత్రశాల నడిపి, ఆరవ నిజాము కొలువున రాజా బిరుదము నందిన దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలమీదనే దొరల వేటలను, దర్బారులను, మహలులను చిత్రించెను. ఆ తరమువారికి వెలుగును చూచి కాలము నిర్ణయించుట యనుభవముచేత నబ్బిన విద్య. 1890లో ఇంగ్లండున ఫెర్డినాండ్ హర్టరను రసాయనశాస్త్రజ్ఞుడును, వేరో చార్లెస్ డ్రిఫీల్డను ఇంజనీరును తమ పరిశోధనలను ప్రకటించి, ఫలకముపై బడిన వెలుగునకును, దానివలన నేర్పడు నలుపునకును గల సంబంధమును రేఖగా గీసి చూపిరి. అంతటినుండి యీ విద్య ఊహను వీడి లెక్కలోనికి వచ్చినది. 1930 తరువాతి దశకమున, వెలుగు సోకగానే విద్యుత్తు పుట్టించి సూదిని కదల్చు మీటర్లు వాడుకకు వచ్చినవి.

మీటర్లు రెండు తెగలు. ఒకటి వస్తువుపై బడు వెలుగును కొలుచును. రెండవది వస్తువునుండి తిరిగివచ్చు వెలుగును కొలుచును. మాది రెండవ తెగలోనిది. దూరమునుండియే యొక డిగ్రీ కోణములో నిమిడినంత చోటును కొలుచును. దాని కొలత నిజమే కాని, దాని తీర్పును వెంటనే నమ్మరాదు. ఏలయన, దేనిని చూపినను అది నడిమి బూడిదరంగు వస్తువని తలచుటయే దాని శాస్త్రము. చెరువులోని గేదెను చూపినచో ఆ గేదెను బూడిద చేయునంత వెలుగిమ్మని చెప్పును. దాని వీపుమీది కొంగను చూపినచో ఆ కొంగనును బూడిద చేయుమనియే చెప్పును. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు దానికి లోకమంతయు నొక్కటే రంగు. మేయమును తెలిసికొనుటకు మానము కావలెనని తార్కికులు చెప్పుదురు. ఆ మానము స్వభావము నెరుగనివానికి మేయము చిక్కదని మే మీ మీటరువలన నేర్చుకొంటిమి.

ఈ చిక్కునకు విరుగుడుగా 1940 ప్రాంతమున లాస్ ఏంజిల్స్‌లోని యొక కళాపాఠశాలలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అను నిద్దరు బోధకు లొక పద్ధతిని కూర్చిరి. కటికనలుపునకు 0, కాగితపు తెలుపునకు 10 పెట్టి, నడుమనున్న ఛాయలను మెట్లుగా విభజించిరి. ఒక మెట్టునకును పై మెట్టునకును వెలుగు రెట్టింపు. మీటరు చెప్పునది యెప్పుడును 5వ మెట్టు. నీడలలో వివరము కనబడవలెనన్నచో అవి 3వ మెట్టున నుండవలెను; కావున నీడను కొలిచి, మీటరు చెప్పినదానికంటె రెండు మెట్లు తగ్గించి వెలుగీయవలెను. మా బడి వసారాలో చీకటిగుమ్మము 9 అని చూపినది. ఎండలోని సున్నపుగోడ 14 అని చూపినది. గుమ్మమును 3వ మెట్టున నిలిపినచో, అయిదు మెట్ల యెడమున్న గోడ తనంతట తాను 8వ మెట్టునకు బోవును. అచ్చట సున్నపుగార గరుకు కనబడకుండ కరగిపోవు భయము కలదు. అందులకును ఉపాయము కలదు. రేకును మందులో నుంచు కాలమును తగ్గించినచో, తెల్లని భాగములు క్రిందికి దిగును. నీడలు చాలవరకు కదలవు. ఒక్కొక్క రేకును వేరువేరుగా కడుగుకొన వచ్చుటచేత పెద్ద కెమెరావారికీ సౌకర్యము దక్కినది. నీడకొరకు వెలుగిమ్ము, తెలుపుకొరకు మందులో నుంచుము అనునది యీ విద్యకు మూలసూత్రము.

ఇంతటితో కొలత ముగియదు. దగ్గరి వస్తువును చిత్రించుటకు సంచిని సాగదీసినకొలది ఫిల్మునకు జేరు వెలుగు తగ్గును. 150 మిల్లీమీటర్ల కటకమును 210 మిల్లీమీటర్ల దూరమునకు సాగదీసినచో, వెలుగు సుమారు రెండింతలు కావలెను. ఒక సెకనుకంటె నెక్కువ కాలము తెరచియుంచినపుడు ఫిల్ము అలసినదానివలె మందగించును. మేము వాడు ఫిల్మునకు మీటరు 10 సెకనులు చెప్పినచో సుమారు 20 సెకను లీయవలెను. ఈ లెక్కలన్నియు మేమొక నోటుపుస్తకమున వ్రాసికొనుచుంటిమి. ప్రతి రేకునకు నీడ యెంత, తెలుపెంత, రంధ్రమెంత, కాలమెంత అని నాలుగు గడులు. ఆరునెలలకు ఆ గడులు నిండిన పుటలే మాకు గురువులైనవి.

కొలత తెలిసినవానికి సాధనము లేకున్నను దారి దొరకునని ఆడమ్స్ జీవితమే సాక్ష్యము. 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అను పల్లెమీద చంద్రోదయమును చూచి ఆయన కెమెరా నిలిపెను. సమాధులమీది తెల్లని శిలువలపై చివరి యెండ జారిపోవుచున్నది. మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని వెలుగు చదరపు అడుగునకు 250 కాండిళ్లని ఆయనకు జ్ఞాపకము. దానిని 7వ మెట్టున నిలిపి, పసుపు గాజునకు కావలసిన యధికమును చేర్చి, ఎఫ్ 32 రంధ్రమున నొక సెకను వెలుగిచ్చెను. రెండవ రేకు తీయులోపల శిలువలపై యెండ పోయినది. ఆ యొక్క రేకే లోకప్రసిద్ధమైనది.

ఈ విద్య మాకు వినోదముగా మొదలైనది. అది ధర్మప్రశ్నయైన దిన మొకటి కలదు. మా బడిలో పిల్లలకు వండిపెట్టు ముసలమ్మ యొకతె తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆ పిల్ల మాయొద్ద చదివి, పట్టభద్రురాలై యున్నది, చామనఛాయకంటె నల్లనిది. పెండ్లిచూపులకు ముందు పట్నమునందొక స్టూడియోలో ఫోటో తీయించిరట. వారు మొగమును పాలమీగడవలె తెల్లచేసి యిచ్చిరి. వరునివారు వచ్చి, పిల్లను చూచి, ఫోటోలోని పిల్ల వేరని యెగతాళి చేసి లేచిపోయిరి.

“బాబూ, ఈసారి మీరు తీసిపెట్టండి. మరీ తెల్లగా కాకపోయినా కాస్తంత తెల్లగా,” అని ముసలమ్మ బతిమాలినది.

“వద్దు మాస్టారూ. నేనెట్లా ఉంటే అట్లాగే తీయండి,” అని పిల్ల తలయెత్తి చెప్పినది.

“అట్లాగే అమ్మా,” అని మేము మీటరు చేతబట్టితిమి.

వెనుక తెల్లగోడ, ఒంటిపై తెల్లని ఓణీ: ఈ రెండును 13 చూపినవి. జుట్టు 8, మొగము 10. అంతటిని కలిపి సరాసరి తీయు యంత్రము తెలుపునకు లొంగి, సుమారు 12 అని తీర్పుచెప్పును. అప్పుడు మొగము 3వ మెట్టునకు దిగి, కన్నులు పండ్లు తప్ప తక్కినవి మసకబారును. స్టూడియోవారు దానిని 7వ మెట్టున కెక్కింతురు. అప్పుడు చెక్కిళ్ల నునుపు, కనుబొమల నడిమి గీత, నుదుటి తీర్పు అన్నియు వెలవెలబోవును. ఒకటి పిల్లను చీకటిలో ముంచును, ఒకటి తెలుపులో ముంచును. మేము మొగమునే కొలిచి, దానిని 5వ మెట్టున నిలిపితిమి. జుట్టు 3వ మెట్టున జేరినది. ఓణీ 8కి బోగా, మందులో కాలము తగ్గించి 7కు దింపితిమి. ఎఫ్ 8, సెకనులో 15వ వంతు.

కాగితముమీద అచ్చువేసి యిచ్చినపుడు పిల్ల యేమియు ననలేదు. చిత్రమును తిప్పి తిప్పి చూచుకొన్నది. ముసలమ్మ మాత్రము దానిని కన్నులదగ్గరకు తెచ్చుకొని, “మా అమ్మ మొగం ఇట్టానే ఉండేది బాబూ. ఆమెకు ఫోటో లేదు,” అన్నది.

ఈ పక్షపాతము మన యూరి స్టూడియోలలోనే పుట్టలేదు. 20వ శతాబ్దపు మధ్యకాలమున అమెరికాలో కొడాక్ కంపెనీవారు రంగుల ముద్రణశాలలకు ప్రమాణముగా పంపిన చిత్రములలో చాలకాలము తెల్లదొరసానుల మొగములే యుండెను. వానికి షర్లీ కార్డులని పేరు. ఆ మొగము సరిగా వచ్చినచో లోకమంతయు సరిగా వచ్చినట్లే యని వారి లెక్క. ప్రమాణము నెన్నుకొన్నవాడు ఎవరిని ముందు కొలువవలెనో కూడ నిర్ణయించినాడన్నమాట. మన పెండ్లి ప్రకటనలలో “తెల్లని పిల్ల” యను రెండు మాటలు అట్టి కార్డులే కావా?

చదువరులారా! మీ యిండ్లలో మీటర్లు లేకపోవచ్చును. కాని మీ కూతుళ్లకు ఫోటోలు తీయించుచున్నారు. కోడండ్రను ఫోటోలు చూచి యెన్నుకొనుచున్నారు. తీయువానితో, “మా పిల్ల మొగమును కొలిచి తీయుము, తుడిచి తీయకుము” అని చెప్పుటకు ధనవ్యయము లేదు. రానున్న శుభకార్యమునకే చెప్పి చూడుడు. నల్లని మొగమున నెన్ని ఛాయలున్నవో అప్పుడు మీ కన్నులే లెక్కపెట్టగలవు.