నిలబడే వాళ్ళ కాళ్ళు

మన భాషలో 'నరం' అనే మాట ఒక్కటే గాని అది మోసే బరువు చాలా ఎక్కువ. మెదడు నుండి కబురు తెచ్చేదీ నరమే, రక్తం పారేదీ నరమే. వైద్యశాస్త్రం మాత్రం గుండె నుండి రక్తం తెచ్చేదాన్ని ధమని అనీ, తిరిగి గుండెకు చేర్చేదాన్ని సిర అనీ, కబుర్లు మోసేదాన్ని నాడి అనీ విడదీసి చెబుతుంది. ఇళ్ళల్లో ఈ తేడా ఎవరూ పాటించరు. పాటించకపోయినా కొంప మునగదు, కాళ్ళ మీద సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి, నీలంగా తేలిన రోజున తప్ప. ఆ రోజున మనిషి 'నరాల డాక్టరు'ను వెతుక్కుంటూ పోతాడు. ఆయనేమో తలకూ వెన్నుకూ వైద్యం చేసే డాక్టరు. చూసి, ఇది నాది కాదు, సర్జన్ దగ్గరికి పొమ్మంటాడు. అప్పటికే ఒక రోజు కూలీ పోయి ఉంటుంది.

మా బాపు అట్లాగే పోయి వచ్చాడు. ఆయన సిరిసిల్లలో సాంచెలు నడిపే కార్మికుడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. కరీంనగర్ జిల్లాలో ఉన్న సిరిసిల్ల 2016లో వేరే జిల్లా అయింది గాని సాంచెల చప్పుడు మారలేదు. అక్కడ పన్నెండు గంటల పని కొత్త ముచ్చట కాదు. పోగు తెగితే అతకాలి, కండె అయిపోతే మార్చాలి, ఒక సాంచె మీద చూపు ఉండగానే పక్క సాంచె ఆగిపోతుంది. కూర్చుంటే ఎట్లా? నడక అంటారా, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. మిగిలిన పొద్దంతా నిలబడటమే.

ఇందులో కాళ్ళకు వచ్చే చిక్కేమిటో అర్థం కావాలంటే మన వ్యవసాయ బావినే తలుచుకోవాలి. మోటారు కింద పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, పైకెక్కిన నీళ్ళు మళ్ళీ బావిలోకి జారిపోకుండా పట్టి ఉంచేది. కాలి సిరల్లో అటువంటి వాల్వులు అడుగడుగునా ఉన్నాయి. మోటారు పని చేసేది పిక్క. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకొని లోపలి సిరలను పిండుతుంది, రక్తం పైకి ఎగబాకుతుంది, వాల్వు మూసుకొని దాన్ని కిందికి జారనివ్వదు. కదలకుండా నిలబడితే మోటారు బంద్ అయినట్టే. అప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడుస్తున్నప్పుడు అది మూడో వంతుకు పడిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ బరువు మోసి మోసి సిర సాగుతుంది, వాల్వు రెక్కలు ఒకదానికొకటి అందకుండా పోతాయి, రక్తం వెనక్కు జారుతుంది. దాని బరువు కింది వాల్వు మీద పడుతుంది. ఇక అది కూడా పాడవుతుంది.

ఈ వాల్వులు ఎందుకున్నాయో మొదట తేటగా చెప్పినవాడు ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే, 1628లో. చేతికి గుడ్డ కట్టి, ఉబ్బిన సిరను వేలితో నొక్కి, రక్తం ఒకవైపే పోతుందని చూపించాడు. సైన్సు విద్యార్థి మిత్రులు ఇప్పుడే తమ చేతి మీద చేసి చూసుకోవచ్చు, ప్రయోగశాల అక్కర లేదు.

అయితే నిలబడే వాళ్ళందరికీ ఇది రాదు. వంశంలో ఉంటే, ఒళ్ళు బరువుంటే, వయసు పైబడితే, ఆడవాళ్ళకు కాన్పు మీద కాన్పు అయితే వచ్చే అవకాశం ఎక్కువ. మా అవ్వ కాళ్ళకు కూడా ఉన్నాయని మాకు చాలా కాలం తెలియనే తెలియదు. చీర కుచ్చిళ్ళ కింద ఏముందో ఎవరు చూస్తారు?

బాపుకు మొదట సాయంత్రానికి కాళ్ళు బరువెక్కేవి. తర్వాత దురద. ఆ తర్వాత లోపలి చీలమండ పైన తోలు నల్లబడింది. మా ప్రాంతంలో బోదకాలు కొత్త కాదు కనుక కాలు వాచిందనగానే అందరి నోటా అదే మాట. ఊళ్ళో ఆర్.ఎం.పి. కూడా ఆ మాత్రలే ఇచ్చాడు. ఒకనాడు ఆ నల్లబడ్డ చోట చిన్న పుండు లేచింది. పసుపు, ఆకుపసరు, రకరకాల మలాములు. నెలలు గడిచినా మానలేదు. సుగరు లేదు, అయినా మానలేదు. మానదు కూడా. రక్తం నిలిచిపోయి ఒత్తిడి తగ్గని చోట పైన ఏ మందు రాసినా, కారే పైపు కింద గోడకు సున్నం వేసినట్టే.

చివరికి కరీంనగర్‌లో ఒక సర్జన్ కలర్ డాప్లర్ తీయించాడు. ఇది కూడా స్కానింగే, నొప్పి ఉండదు. మనిషిని నిలబెట్టి చూస్తే, రక్తం ఏ సిరలో ఎక్కడ నుండి వెనక్కు జారుతున్నదో తెర మీద రంగుల్లో కనిపిస్తుంది. తొడ మొదలు నుండి చీలమండ దాకా లోపలి వైపు పోయే పెద్ద సిర, శరీరంలో అన్నిటికంటే పొడవైనది, పూర్తిగా చెడిపోయిందన్నాడు. లేజర్‌తో దాన్ని మూసేద్దామన్నాడు.

ఇంట్లో పంచాయితీ మొదలయింది. "నరం కాలబెడితే కాలు పడిపోతది బిడ్డా," అన్నాడు బాపు. "రక్తం మరి ఎట్ల పోతది?" అడగవలసిన ప్రశ్నే అది. జవాబు కూడా తేలికైనదే. కాలి రక్తంలో తొంభై పాళ్ళు కండరాల మధ్య లోతుగా ఉన్న సిరల గుండా పోతుంది. పైన ఉన్నవి పిల్ల కాలువల వంటివి. తూము పగిలి పొలమంతా చిత్తడి చేస్తున్న పిల్ల కాలువను మూస్తే పెద్ద కాలువకు నష్టం లేదు. అందుకే లోతు సిరలు బాగున్నాయో లేదో ముందు డాప్లర్‌లో చూడకుండా ఎవరూ పైదాన్ని ముట్టుకోకూడదు.

మా మేనమామ ఆసిఫాబాద్ వైపు ఆర్టీసీ కండక్టరుగా చేశాడు. ఉట్నూరు దారి గుంతల్లో నిలబడి టికెట్లు కొట్టి కొట్టి ఆయనకూ ఇదే జబ్బు. ఆయనకు వెనుకటి పద్ధతిలో ఆపరేషన్ అయింది. గజ్జలో ఒక కోత, కింద ఒక కోత, సిరలోకి తీగ పంపి దాన్నంతా బయటికి లాగేశారు. 1890లో జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ తొడలో సిరను ముడివేసి కట్టాడు. 1900 దాటాక అమెరికా సర్జన్లు లాగి తీసే పద్ధతి తెచ్చారు. దాదాపు వందేళ్ళు అదే నడిచింది. మామ చాలా రోజులు కుంటాడు. "నన్ను చూసి భయపడకు బావా, అది ఆ కాలం," అని బాపుకు ధైర్యం చెప్పింది ఆయనే.

లేజర్ పద్ధతిని మొదట 1999లో స్పెయిన్ వైద్యుడు బోనే ప్రకటించాడు. 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. స్కానింగులో చూస్తూ సూది గుచ్చి, సిరలోకి సన్నటి దారం వంటి ఫైబర్ పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన చల్లని సెలైన్ నింపుతారు. నొప్పి తెలియదు, వేడి తోలుకూ నాడులకూ తగలదు. ఆ తర్వాత లేజర్ వెలిగించి ఫైబర్‌ను మెల్లగా వెనక్కు లాగుతుంటే, సిర గోడ వేడికి ముడుచుకొని మూసుకుపోతుంది. నెలలు గడిచే కొద్దీ అది పీచులాగా మారి కలిసిపోతుంది. బాపు ఆ సాయంత్రమే లేచి నడిచాడు. నడవమని డాక్టరే చెప్పాడు.

రోడ్ల మీద పెద్ద పెద్ద బోర్డులు చూసి లేజర్ అంటే మంత్రమనుకోవద్దు. కొన్నాళ్ళు కమిలిన మచ్చలుంటాయి, కొంత మేర తిమ్మిరి ఉండవచ్చు, అరుదుగా లోపలి సిరలో గడ్డ కట్టవచ్చు. కొన్నేళ్ళకు వేరే సిర ఉబ్బవచ్చు. రేడియో తరంగాల వేడితో మూసే పద్ధతి కూడా దీనికి సాటిదే. నురుగు మందు ఎక్కించేది మరొకటి. పాత ఆపరేషన్ చెడ్డదేమీ కాదు. కాని పుండు పడ్డ వాళ్ళు ఆలస్యం చేయకూడదన్నది మాత్రం ఋజువైన సంగతి. బ్రిటన్‌లో 450 మంది రోగుల మీద చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో, కట్టుతో పాటు సిరను వెంటనే మూసిన వాళ్ళలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానితే, ఆలస్యం చేసిన వాళ్ళకు 82 రోజులు పట్టింది. సాంచె కార్మికునికి ఇరవై ఆరు రోజుల కూలీ అంటే ఏమిటో లెక్క వేసుకోండి.

ఇంకొక మాట, ఎవరికైనా పనికొస్తుంది. ఉబ్బిన సిర చిట్లితే రక్తం ధారగా కారుతుంది, చూసినవాళ్ళు బెదిరిపోతారు. మనిషిని వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తుకు లేపి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. ఆగుతుంది. పైన బిగించి తాడు కట్టకూడదు. ఆ తర్వాత ఆస్పత్రి.

మన లెక్చరర్లు నల్లబల్ల ముందు వరసగా నాలుగు పీరియడ్లు నిలబడతారు. వారికైనా గంటకొకసారి బెల్లు ఉంది. బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడే ఆడపిల్లలకు అదీ లేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి, పని చేసేవాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని రాసుకున్నాయి. ఒక కుర్చీ కోసం చట్టం కావలసి వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సాంచెల షెడ్డుకు మాత్రం కుర్చీ వేసినా అందులో కూర్చునే తీరిక ఎక్కడిది?

బాపు పుండు మానింది, నలుపు మిగిలింది. బిగుతు మేజోడు పొద్దున మంచం దిగక ముందే తొడుక్కోమన్నారు. చలికాలం బాగానే తొడిగాడు. మే నెలలో రేకుల షెడ్డు కింద అది వేసుకోవడం ఆయన వల్ల కావడం లేదు. అవ్వ రోజూ దాన్ని ఉతికి దండెం మీద ఆరేస్తుంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఆయన మంచం కాళ్ళ వైపు రెండు ఇటుకలు పెట్టుకొని పడుకుంటాడు, పావుగంట.